కువైట్ అరబిక్ ఎక్కడ మొదలుపెట్టాలె? యాప్‌ల నేర్సుకున్నది అక్కడ పనికొస్తదా?

కోరుట్ల పోరడు
అన్నలకు, అక్కలకు నమస్తే. కువైట్‌ల ఇంటి డ్రైవర్ పనికి పోతున్న, ఇంకా ఎనిమిది వారాలున్నది. యాప్‌ల అరబిక్ మొదలుపెట్టిన. 'ఉరీదు మాఅన్' (నీళ్లు కావాలె), 'అయ్‌న' (ఎక్కడ), 'అల్ ఆన' (ఇప్పుడు), గిట్ల నూట యాభై మాటలదాకా వచ్చినయి. అక్కడున్న దోస్తు విని 'వార్తలు చదవనీకి వస్తున్నవారా?' అని నవ్విండు. 'అనా మాఫీ మాలూమ్' (నాకు తెల్వదు) అంటే చాలు, పని నడుస్తదంటడు. ఏది నేర్వాలె? లిపి గూడ నేర్వాల్నా? రోజుకు గంట టైం ఉన్నది.

ఫర్వానియా పాతకాపు
తమ్ముడూ, మీ దోస్త్ నవ్వింది నిజమే, కానీ వాడు చెప్పిన మందు మాత్రం సగమే పనిచేస్తుంది.

యాప్‌లో ఉన్నది ఫుస్‌హా. పుస్తకాలు, వార్తలు, ప్రసంగాల భాష. ఇంట్లో, దుకాణంలో ఎవరూ అట్లా మాట్లాడరు. నువ్వు 'ఉరీదు' అంటే అర్థం చేసుకుంటారు, వాళ్లు తిరిగి చెప్పేది నీకు అర్థం కాదు. చిక్కంతా అక్కడే.

'కావాలి' అన్న ఒక్క మాట చూడు. కువైట్‌లో 'అబీ', ఈజిప్టు వాళ్లు 'ఆయిజ్', సిరియా, లెబనాన్ వాళ్లు 'బిద్దీ'. 'ఏమిటి'కి కువైట్‌లో 'షినూ', ఈజిప్టులో 'ఏహ్', సిరియాలో 'షూ'. 'ఇప్పుడు'కి కువైట్‌లో 'అల్‌హీన్', ఈజిప్టులో 'దిల్వఅతీ', సిరియాలో 'హల్లఅ'. మూడూ కలిపి నేర్చుకుంటే ఏ ఒక్కటీ నోట నిలవదు. ఒక ఊరి మాట పట్టుకో, నీకు అది కువైట్‌ది. కువైట్‌లో ఈజిప్టు వాళ్లు చాలామంది ఉంటారు కాబట్టి వాళ్ల మాట చెవికి పరిచయం ఉంటే చాలు, నోటితో అననక్కర్లేదు.

మొదటి వారం ఈ ప్రశ్నల మీదే ఉండు: షినూ (ఏమిటి), మినూ (ఎవరు), వేన్ (ఎక్కడ), మితా (ఎప్పుడు), లేష్ (ఎందుకు), ష్‌లోన్ (ఎలా), చ్యామ్ (ఎన్ని), బ్‌చ్యామ్ (ఎంతకు). ఎదుటివాడు పది మాటలన్నా, అందులో ప్రశ్న ఏదో పట్టుకోగలిగితే సగం అర్థమైనట్టే.

'చ్యామ్' అని కావాలనే రాశాను. 'చాప'లో చ కాదు, 'చిన్న'లో చ. అసలు అది 'కమ్'. కువైట్‌లో, ఇరాక్‌లో కొన్ని మాటల్లో 'క' వెళ్లి 'చ' అవుతుంది. 'ఎలా ఉన్నావు' అని మగవాళ్లని అడిగితే 'ష్‌లోనక్', ఆడవాళ్లని అడిగితే 'ష్‌లోనిచ్'.

ధాతువు
పైన చెప్పిందంతా సరే. కానీ మాటల కంటే ముందు పలుకు చూసుకోండి. తెలుగులో రాసుకుని నేర్చుకునేవాళ్లకి ఒకే 'హ' కింద రెండు శబ్దాలు, ఒకే 'అ' కింద రెండు శబ్దాలు కలిసిపోతాయి. అరబ్బులు ఫోన్ మెసేజ్‌లలో వాడే అంకెల పద్ధతినే తెలుగక్షరాల ముందు పెట్టుకోండి: గొంతు బిగించి పలికే 'ఐన్'కి 3, ఊపిరి హాకి 7, బరువైన తకి 6, బరువైన సకి 9.

7హ: కళ్లజోడు తుడవడానికి అద్దం మీద 'హా' అని ఊదుతామే, అది. ఛాతీలోంచి కాదు, గొంతు ఇరుకు చేసి రావాలి. దీన్ని ఖ చేస్తే తమాషా అవుతుంది. 'కేఫ్ 7హాలక్' అంటే ఎలా ఉన్నావు. 'కేఫ్ ఖాలక్' అంటే మీ మేనమామ ఎలా ఉన్నాడు.

3: '3అమల్' అంటే పని, ఉత్త 'అమల్' అంటే ఆశ. పని కోసం వచ్చానని చెప్పబోయి ఆశ కోసం వచ్చానంటారు (అదీ అబద్ధం కాదనుకోండి).

6త: ఇక్కడ మనవాళ్లందరూ చేసే తప్పు, దీన్ని 'ట' అనడం. నాలుక మడవకూడదు. కొన 'త' దగ్గరే పళ్ల వెనక ఉండాలి, నాలుక వెనకభాగం పైకి లేవాలి. పక్కన ఉన్న 'ఆ' కాస్త 'ఓ' వైపు ఒరుగుతుంది, అదే గుర్తు. 'తీన్' అంటే అంజూర పళ్లు, '6తీన్' అంటే బురద. అలాగే 'సేఫ్' కత్తి, '9సేఫ్' ఎండాకాలం.

జ: అరబిక్‌లో రెండున్నాయి. 'జేన్' (బాగుంది) అన్నదాంట్లోది 'జడ'లోని జకి దగ్గర, అందులోని 'ద్' తీసేస్తే అదే. 'జీవితం'లోని జ వేరే అక్షరం.

మనకి పుట్టుకతో వచ్చినవి రెండున్నాయి, దీర్ఘం, ఒత్తు. '7హమామ్' అంటే పావురాలు, '7హమ్మామ్' అంటే స్నానాలగది. 'అమ', 'అమ్మ' తేడా పలికే నోటికి ఇది కష్టమే కాదు.

ఇక అసలు ప్రమాదం. మనం హల్లుతో ముగిసే మాటకి చివర 'ఉ' తగిలిస్తాం: బస్సు, కారు. అరబిక్‌లో ఆ 'ఉ'కి అర్థం ఉంది. 'రూ7హ్' అంటే నువ్వు వెళ్లు. 'రూ7హు' అంటే మీరందరూ వెళ్లండి. 'రూ7హి' అంటే ఆడమనిషితో, వెళ్లమ్మా అని. ఈజిప్టు వాళ్ల దగ్గర 'బేత్' అంటే ఇల్లు, 'బేతు' అంటే వాడి ఇల్లు. చివరి పొల్లుని పొల్లుగానే వదలడం రోజూ పది నిమిషాలు సాధన చేయండి.

రాయచోటి రెక్క
మేడమ్ గారు చెప్పింది చదవడానికి బాగుంది. కానీ ఎనిమిది వారాల్లో గొంతులో మూడు అక్షరాలు తిప్పుకుంటా కూర్చుంటే పని మాటలెప్పుడు వస్తాయి? గల్ఫ్‌లో మలయాళీ, బెంగాలీ, ఫిలిప్పీన్స్ వాళ్లు, మనోళ్లు అందరూ కలిసి ఒక బజారు అరబిక్ తయారు చేసినారు. అరబ్బులు కూడా పనోళ్లతో అదే మాట్లాడతారు. ఫీ, మాఫీ, సవ్వీ (చెయ్యి), రూహ్, తఆల్ (రా), బస్ (చాలు), ఖలాస్ (అయిపోయింది), నఫర్ (మనిషి), కుల్లు (అంతా), సేమ్ సేమ్. ముప్పై నలభై మాటలతో బండి నడుస్తాది. ముందు అది, మిగతాది తర్వాత.

ధాతువు
› ముందు అది, మిగతాది తర్వాత

ఆ 'తర్వాత' రాదండీ, అదే దానితో గొడవ. బజారు అరబిక్ వినడానికి తప్పకుండా రావాలి, మీ మాట ఒప్పుకుంటాను. నోటికి మొదట అదే అలవాటైతే మాత్రం దిద్దుకోవడం కష్టం, ఎందుకంటే అర్థమవుతోంది కాబట్టి ఎవరూ తప్పు చెప్పరు.

తెలుగువాళ్లు దాంట్లో ఎందుకు తేలిగ్గా పడతారో చూడండి. 'మాఫీ' అంటే 'లేదు'. మనం 'వెళ్లలేదు', 'తినలేదు' అంటాం కాబట్టి ప్రతి క్రియకీ 'మాఫీ' తగిలిస్తాం. 'అనా మాఫీ రూ7హ్' అంటే వెళ్లనా, వెళ్లలేదా, వెళ్లలేనా? వినేవాడు ఊహించుకోవాలి. డ్రైవర్ పనిలో ఆ ఊహ తప్పితే స్కూలు దగ్గర పిల్లలు నిలబడి ఉంటారు.

నిజానికి తెలుగు మనకి మంచి దారే ఇచ్చింది. మనకి 'లేదు' వేరు, 'కాదు' వేరు. కువైటీలోనూ అంతే.
ఉంది: ఫీ. లేదు: మా ఫీ. 'మా ఫీ బాన్‌జీన్' అంటే పెట్రోలు లేదు.
కాదు: మూ. 'మూ అనా' అంటే నేను కాదు. 'మూ జేన్' అంటే బాలేదు, అక్షరాలా 'బాగున్నది కాదు'.
క్రియకి ముందు: మా. 'మా అరూ7హ్' వెళ్లను, 'మా రి7హ్త్' వెళ్లలేదు, 'మా అద్రీ' తెలియదు.

ఈ మూడూ వేరుగా పెట్టుకోగలిగితే 'అనా మాఫీ మాలూమ్' అక్కర్లేదు, 'మా అద్రీ' అంటే చాలు. రెండు మాటల్లో అయిపోతుంది, బజారు మాట కంటే పొట్టి.

ఇంకో సంగతి. 'నేను డ్రైవర్ని' అన్నప్పుడు మనకి మధ్యలో క్రియ లేదు, వాళ్లకీ లేదు: 'అనా సాయిగ్'. 'నా దగ్గర డబ్బులున్నాయి' అన్నట్టే '3ఇందీ ఫ్లూస్'. 'నాకు షుగర్ ఉంది' అన్నట్టే '3ఇందీ సుక్కర్'. ఇంగ్లీషు మీదుగా వెళ్లేవాళ్లు ఇక్కడ తడబడతారు. తెలుగు నుంచి నేరుగా వెళ్లండి.

చార్మినార్ చాయ్
హైదరాబాద్ ఉర్దూ వచ్చినోళ్లకైతే సగం పని అయిపోయినట్టే. తెలుగులోనే ఎన్ని ఉన్నయో చూడుండ్రి: హక్కు, హాజరు, తారీఖు, జవాబు, ఖాళీ, అసలు, హుకుం, వసూలు, కుర్చీ, వకీలు. ఇవన్నీ అరబ్బీవే. హాజరు అంటే వాళ్ల '7హాదిర్'. 'చిత్తం, చేస్తా' అన్నట్టు ఇంట్లో రోజంతా వాడొచ్చు. వకీల్ అంటే లాయర్, అట్లనే అనొచ్చు.

కొన్ని చోట్ల జాగ్రత్త. 'మాఫీ' అంటే మనకు క్షమాపణ, రుణమాఫీ. అక్కడ 'మా ఫీ' అంటే లేదు, అంతే. సారీ చెప్పాలంటే 'ఆసిఫ్'. ఆడవాళ్లైతే 'ఆస్ఫా'. 'గరీబ్' అంటే అక్కడ బీదోడు కాదు, వింతైనది, కొత్తోడు. అన్నింటికంటె ముఖ్యం: ఉర్దూ 'ఔరత్'ని స్త్రీ అనే అర్థంల ఎట్టి పరిస్థితుల్ల వాడొద్దు. అరబిక్‌ల దాని మూలం '3అవ్రా', అంటే ఒంటి మీద కప్పుకోవాల్సిన భాగం.

ఫర్వానియా పాతకాపు
చాయ్ భాయ్, ఒక్క సవరణ. అక్కడ వకీల్ అంటే ప్రతినిధి, ఏజెంట్. కార్ల కంపెనీ ఏజెన్సీని కూడా 'వకాలా' అంటారు. లాయర్ అంటే 'ము7హామీ'. 'వసూల్' అంటే కూడా వసూలు కాదు, చేరడం. ఎయిర్‌పోర్టులో 'వు9సూల్' బోర్డు అరైవల్స్‌ది.

ఇంకోటి, 'జవాబ్' కువైటీ నోట 'యవాబ్' అని వినబడవచ్చు. 'జ' చాలా మాటల్లో 'య' అయిపోతుంది: మస్‌జిద్ 'మస్‌యిద్', రజ్జాల్ (మగమనిషి) 'రయ్యాల్', దజాజ్ (కోడి) 'దియాయ్'. అన్ని మాటల్లో కాదు, యూనివర్సిటీ 'జామి3ఆ'నే. ఈజిప్టు వాళ్లు అదే జని 'గ' అంటారు. గొంతు లోపలి నుంచి వచ్చే ఆ లోతు 'క' (గల్బ్ అంటే గుండె, గహ్వా అంటే కాఫీ, ఈ మాటల్లోది) గల్ఫ్‌లో ఎక్కువగా 'గ' అవుతుంది, ఈజిప్టులో మింగేసి 'అహ్వా' అంటారు. కాఫీ ఒకటే, గొంతులు మూడు.

అమలాపురం అక్క
వంట, ఇంటిపనికి వెళ్లే ఆడవాళ్లు కూడా చదువుతుంటారు కదా, వాళ్ల కోసం నాలుగు మాటలు. '3ఏష్' అంటే కువైట్‌లో అన్నం, బియ్యం. ఈజిప్టులో రొట్టె! ఈజిప్టు వంటమనిషి, కువైటీ యజమానురాలు ఉన్న ఇంట్లో ఇది రోజూ తిరకాసే. కువైట్‌లో రొట్టెకి 'ఖుబ్జ్'.

'బ6త్తిల్' అంటే కువైట్‌లో తెరువు, ఈజిప్టు వాళ్ల నోట మానెయ్యి. 'బన్నిద్' అంటే ఆపు, కట్టెయ్యి. మన 'బంద్' అని గుర్తుపెట్టుకుంటే చాలు. తలుపు మూయడానికి '9సిక్', 'సక్కిర్' రెండూ వింటారు. 'యీబ్' తీసుకురా (వేరే చోట్ల 'జీబ్', ఈజిప్టులో 'హాత్').

మన వైపు నుంచి, పర్షియా వైపు నుంచి ఓడలెక్కి వెళ్లిన మాటలు కూడా బోలెడు. ఫ్యాన్ 'బంకా', ఊరగాయ 'అచార్', పెనం 'తావా', బల్ల 'మేజ్', చెప్పులు, బూట్లు 'జూతీ', కిటికీ 'దిరీషా', పెద్ద గేటు 'దర్వాజా', తిన్నగా వెళ్లడం 'సీదా'. యాప్‌లో ఇవి దొరకవు.

మగవాళ్లకి రాసిన వాక్యాలు అలాగే బట్టీ పట్టకండి. అమ్మగారితో 'ష్‌తబీ?' అనకూడదు, 'ష్‌తబీన్?' అనాలి. 'లౌ సమ7హ్త్' మగవాళ్లతో, 'లౌ సమ7హ్తీ' ఆడవాళ్లతో. బజారు అరబిక్‌లో అందరికీ 'ఇంతా' (నువ్వు) అనేస్తారు, ఆడవాళ్లని మాత్రం 'ఇంతీ' అనాలి.

కోరుట్ల పోరడు
మస్తు సంతోషం. రాసి చూస్తున్న, దిద్దుండ్రి:
1. అనా మూ అబీ 3ఏష్. (నాకు అన్నం వద్దు)
2. బాబ్ మాఫీ బ6త్తిల్. (తలుపు తీసి లేదు)
3. బాచిర్ అనా రూ7హ్ మ6తార్. (రేపు ఎయిర్‌పోర్ట్‌కు పోత)

ధాతువు
1. 'మా అబీ 3ఏష్'. అబీ క్రియ కాబట్టి ముందు 'మా'. 'అనా' అక్కర్లేదు, తెలుగులో 'వెళ్తా' అంటే నేనే అని తెలిసినట్టు.
2. 'ఇల్‌బాబ్ మూ మ్‌బ6త్తల్'. తెరిచినది కాదు, అందుకే మూ. 'ఇల్' వదలకండి, ఫలానా తలుపు అని చెప్పేది అదే.
3. 'బాచిర్ బరూ7హ్ ఇల్‌మ6తార్'. 'రూ7హ్' అంటే వెళ్లు అని ఆజ్ఞ. నేను: అరూ7హ్, నువ్వు: త్రూ7హ్, ఆమెతో: త్రూ7హీన్, వాడు: యిరూ7హ్, మనం: న్‌రూ7హ్. ముందు 'బ' పెడితే గల్ఫ్‌లో 'వెళ్తాను, వెళ్లబోతున్నాను'. అదే 'బ' ఈజిప్టులో, సిరియాలో 'రోజూ వెళ్తుంటాను' అనే అర్థంలో వస్తుంది. ఈజిప్టు వీడియోలు చూసి నేర్చుకునేవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే.

ఫర్వానియా పాతకాపు
డ్రైవర్‌కి చెవిన పడేవి ఇవి:
'వద్ది ఇల్ 3ఇయాల్ ఇల్‌మద్రసా': పిల్లల్ని బడికి తీసుకెళ్లు.
'యీబ్‌హుమ్': వాళ్లని తీసుకురా.
'లిఫ్ యమీన్': కుడికి తిప్పు. ఎడమకి 'యసార్'. ఈజిప్టు వాళ్లు ఎడమని 'షిమాల్' అంటారు, గల్ఫ్‌లో షిమాల్ అంటే ఉత్తరం.
'ఓగఫ్ ఇహ్నీ': ఇక్కడ ఆపు. '9సఫ్ఫి6త్': పార్క్ చెయ్యి. 'షగ్గిల్ ఇల్‌ముకయ్యిఫ్': ఏసీ వెయ్యి.
'6తర్రిష్ ఇల్‌లొకేషన్': లొకేషన్ పంపు. ఈ వాక్యం ఒక్కటే రోజుకి పదిసార్లు వినిపిస్తుంది.

అడ్రసు వరుస: ముందు ప్రాంతం (సాల్మియా, హవల్లీ, జహ్రా...), తర్వాత 'గి6త్3ఆ' అంటే బ్లాక్, 'షారి3' వీధి, కొన్నిచోట్ల 'జాద్దా' అంటే అడ్డవీధి, చివర 'బేత్' నంబరు. ఫోన్‌లో చెప్తుంటే ఈ వరుసలోనే రాసుకో.

అంకెల్లో మనవాళ్లు తడబడేది పదులు, ఒకట్ల దగ్గర. 'ఖమ్సా వ 3ఇష్రీన్' అంటే ఐదూ ఇరవై, అంటే 25. మనకి పదులు ముందు, వాళ్లకి ఒకట్లు ముందు. 52 అని రాసుకుంటే వేరే ఇంటి ముందు ఆగుతావు. రెండుకి విడిగా అంకె అక్కర్లేదు: యోమ్ ఒక రోజు, యోమేన్ రెండు రోజులు, దీనారేన్ రెండు దీనార్లు. దీనారుకి వెయ్యి ఫిల్స్. 'రుబు3' అంటే పావు, పావు దీనారు 250 ఫిల్స్. 'ఖమ్సా ఇల్లా రుబు3' అంటే ఐదుకి పావు తక్కువ, 4:45.

లిపి: రోడ్డు బోర్డుల మీద ఇంగ్లీషు ఉంటుంది, తొందర లేదు. అరబ్బీ అంకెలు పది మాత్రం ముందే నేర్చుకో, ఒక సాయంత్రం పని. మన సున్నాలా గుండ్రంగా ఉన్నది అక్కడ ఐదు. సున్నా అంటే ఒక చుక్క. మన 7లా కనబడేది ఆరు. ఏడు పైకి తెరిచిన గరాటులా, ఎనిమిది దాన్ని బోర్లించినట్టు. అక్షరాలు కుడి నుంచి ఎడమకి చదివినా, అంకెలు మనలాగే ఎడమ నుంచే.

రాయచోటి రెక్క
ఇవి కూడా రాసి పెట్టుకోండి, అప్పటికప్పుడు వెతుక్కునే మాటలు కావు. 'రాసి య్3అవ్విర్నీ' తల నొప్పి. '9సద్రీ య్3అవ్విర్నీ' ఛాతీ నొప్పి. 'మూ గాదిర్ అత్‌నఫ్ఫస్' ఊపిరి ఆడట్లేదు. '9సుఖూనా' జ్వరం. కువైట్‌లో అంబులెన్స్, పోలీస్, ఫైర్ అన్నింటికీ 112. 'మఖ్‌ఫర్' పోలీస్ స్టేషన్, 'సిఫారా' ఎంబసీ.

జీతం 'మ3ఆష్'. 'లౌ సమ7హ్త్ 3అమ్మీ, మ3ఆష్ హష్‌షహర్ మా వి9సల్': అయ్యా, ఈ నెల జీతం రాలేదు. ఇది బజారు అరబిక్‌లో కాకుండా సరిగా అంటే వినే తీరు వేరుగా ఉంటాది, ఈ ఒక్క చోట మేడమ్ గారి మాటే నాదీ. వారం సెలవు 'యోమ్ రా7హా'. 2015 నాటి 68వ నంబరు చట్టంలో ఇంటిపనోళ్లకి రోజుకి పన్నెండు గంటలకు మించి పని ఉండకూడదని, వారానికో సెలవు ఉండాలని ఉంది. మాటతో పాటు ఆ సంగతి కూడా తెలిసుంటే మేలు.

చార్మినార్ చాయ్
'మ3ఆష్' ఈజిప్టాయన దగ్గర అంటే పింఛన్ అనుకుంటడు, గుర్తుంచుకోండి. వాళ్లకు జీతం 'మురత్తబ్'.

ధాతువు
ఎనిమిది వారాలకి నా లెక్క. మొదటి రెండు వారాలు పలుకు, ప్రశ్న మాటలు, ఫీ/మూ/మా. గంటలో ఇరవై నిమిషాలు వినడం, ఇరవై నిమిషాలు వెంటవెంటనే తిరిగి అనడం, మిగతాది నిన్నటివి చూడకుండా చెప్పుకోవడం. మూడు నుంచి ఐదు వారాలు పది క్రియలు, ఒక్కొక్కటీ ఐదు రూపాల్లో: రా7హ్, యా (వచ్చాడు), యాబ్ (తెచ్చాడు), వద్దా, సవ్వా, అకల్ (తిన్నాడు), షాఫ్ (చూశాడు), గాల్ (అన్నాడు), ని6తర్ (ఎదురుచూశాడు), అబీ. ఆరో వారం అంకెలు, అడ్రసులు. దోస్త్‌ని ఫోన్‌లో అరబిక్‌లో అడ్రసులు చెప్పమనండి, రాసుకోండి. చివరి రెండు వారాలు కొత్త మాటలు వద్దు, ఉన్నవాటితోనే మాట్లాడాలి.

కొత్త మాటలు రోజుకి ఎనిమిది దాటనివ్వకండి. అది కూడా విడిమాట కాదు, వాక్యంలో. వినడానికి వార్తలు పెట్టుకోవద్దు, అది ఫుస్‌హా. కువైటీ ఇంటి సీరియళ్లు వెతకండి. మొదట వేగం తగ్గించి ఒకే నిమిషాన్ని పదిసార్లు వినండి. పది ఎపిసోడ్లు ఊరికే చూడటం కంటే అదే నయం.

మెట్‌పల్లి మేస్త్రి
నాది జెద్దా. ఇదే నేర్సుకోవచ్చా?

ఫర్వానియా పాతకాపు
వ్యాకరణం చాలావరకు పనికొస్తుంది, మాటలు మార్చుకోవాలి. జెద్దాలో 'ఇప్పుడు'కి 'ద7హీన్', 'ఏమిటి'కి 'ఏష్', 'ఎక్కడ'కి 'ఫేన్', 'కావాలి'కి 'అబ్గా', నీళ్లకి 'మూయా'. జ జగానే ఉంటుంది, ఆడవాళ్లకి 'ఇచ్' అనరు, 'ఇక్' అంటారు. రియాద్ వైపైతే మళ్లీ 'అల్‌7హీన్', 'వేన్', 'వేష్'.

కోరుట్ల పోరడు
మేడమ్, 'అల్‌హీన్'ల హా ఉత్త హా అని రాసుకున్న పైన చూసి. గిప్పుడు అన్న 7తోని రాసిండు. ఏది కరెక్ట్?

ధాతువు
7దే సరి: అల్‌7హీన్. పైన అంకెల పద్ధతి ఇంకా మొదలుకాక ముందు రాసింది. నోట్‌బుక్‌లో దిద్దుకోండి, 'మూడు' అంకె 'థలాథా'లో త అని రాసుకుని ఉంటే అదీ దిద్దుకోండి. నాలుక కొన పళ్ల మధ్యకి రావాలి.

కోరుట్ల పోరడు
మష్కూరా మేడమ్. (ఆడవాళ్లకు 'ఆ' చివర పెట్టిన, చూసిండ్రా.)